కుక్కకు లాగకుండా నడవడం నేర్పే విధానం

కుక్క లీషును, అంటే మనం పట్టుకుని నడిపించే తాడును, లాగుతున్నదంటే అది మొండిదని కాదు, యజమానిని లెక్కచేయడం లేదనీ కాదు. అది లాగిన ప్రతిసారీ మనం దాని వెంట నాలుగడుగులు వేసి, అది చేరాలనుకున్న కరెంటు స్తంభం దగ్గరకో, చెత్తకుప్ప దగ్గరకో, ఎదురింటి కుక్క దగ్గరకో దాన్ని చేరుస్తున్నాం. లాగితే పని జరుగుతుందని దానికి మనమే నేర్పాం. పైగా ఆరోగ్యంగా ఉన్న కుక్క సహజమైన నడక మనిషి నడక కన్నా వేగంగా ఉంటుంది. మెడ మీదనో ఛాతీ మీదనో ఒత్తిడి పడితే దానికి ఎదురు తోయడం కూడా దాని శరీర స్వభావమే. కాబట్టి దానికి నేర్పవలసిన విషయం ఒక్కటే ఉంది: లీషు వదులుగా ఉన్నంతసేపు నడక సాగుతుంది, బిగిసిన మరుక్షణం ఆగిపోతుంది. కింద చెప్పబోయే అభ్యాసాలన్నీ ఆ నియమాన్ని కుక్కకు అర్థమయ్యేలా చెప్పడానికి ఉద్దేశించినవే.

నల్లగొండ, పాలమూరు ప్రాంతాల్లో కుక్కను లీషుతో నడిపించవలసిన అవసరం ఒకప్పుడు చాలా ఇళ్లకు ఉండేది కాదు. ఊళ్లో కుక్క వాకిట్లో పడుకునేది, పొద్దున మనిషి వెంట చెలక దాకా వెళ్లి, పొద్దుగూకే వేళకు తిరిగి వచ్చేది. ఇప్పుడు చిట్యాల, నార్కట్‌పల్లిల మీదుగా 65వ నంబరు జాతీయ రహదారి, జడ్చర్ల, భూత్పూర్‌ల మీదుగా 44వ నంబరు జాతీయ రహదారి రాత్రింబవళ్లు ఆగకుండా సాగుతున్నాయి; పట్టణాల్లో గల్లీలు కూడా బండ్లతో నిండిపోయాయి. కుక్కను స్వేచ్ఛగా వదిలేస్తే అది ఎక్కువకాలం బతకదు. అందుకని చాలామంది దాన్ని పగలంతా మెట్ల కిందనో కారు షెడ్డులోనో గొలుసుతో కట్టేసి, రాత్రి భోజనాల తరువాత పది నిమిషాలు బయటికి తీసుకువెళ్తారు. అత్యంత బలంగా లాగే కుక్కలు సాధారణంగా ఇవే. పగలంతా అణచిపెట్టుకున్న శక్తి ఒక కారణం; గొలుసు చివరిదాకా వెళ్లి మెడతో దాన్ని తన్నిపట్టి నిలబడటమే వాటి దినచర్య కావడం రెండో కారణం. అలవాటుగా కట్టేసి ఉంచే కుక్కకు తగిన వ్యాయామం కల్పించకపోవడాన్ని 1960 నాటి జంతు హింస నివారణ చట్టం 11వ సెక్షను నేరంగానే పేర్కొన్నది. శిక్షణ మొదలుపెట్టే ముందు చేయవలసిన మొదటి పని కూడా చట్టం కోరే ఆ వ్యాయామమే: గేటు మూసి, ప్రహరీ లోపల రోజుకు రెండు మూడు సార్లు కుక్కను విప్పి తిరగనివ్వాలి, బంతితోనో పాత గుడ్డతోనో ఆడించాలి. ఈ పని చేయకుండా నేరుగా వీధిలో శిక్షణకు దిగితే, తరువాత చెప్పేవన్నీ సగమే ఫలిస్తాయి.

పరికరాలు

లాగే అలవాటు ఉన్న కుక్కకు మెడపట్టా ఒక్కటే సరిపోదని నా నిశ్చితాభిప్రాయం. బరువంతా మెడ మీద వేసి లాగే కుక్కకు శ్వాసనాళం ఒత్తుకుని దగ్గు వస్తుంది. మెడపట్టాతో లాగినప్పుడు కంటి లోపలి ఒత్తిడి పెరుగుతుందని, ఛాతీకి, వీపుకు చుట్టి తొడిగే పట్టీల అమరిక అయిన హార్నెస్‌తో లాగినప్పుడు అలా పెరగడం లేదని పశువైద్యులు కొలిచి చూశారు. పగ్ వంటి పొట్టిముక్కు జాతులకైతే మెడపట్టాతో నడక అసలే వద్దు. ఛాతీ ముందుభాగంలో కొక్కెం ఉండి, భుజాల కదలికకు అడ్డం రాని హార్నెస్ మంచిది. లీషును ముందు కొక్కేనికి తగిలిస్తే, కుక్క లాగినప్పుడు దాని ఒళ్లు మన వైపు తిరుగుతుందే తప్ప ముందుకు దూసుకుపోవడానికి బలం దొరకదు. వీపు మీద కొక్కెం మాత్రమే ఉన్న హార్నెస్ లాగడానికి మరింత అనుకూలమైనది. పట్టీ కింద రెండు వేళ్లు సులువుగా దూరాలి. చంకల దగ్గర ఒరిపిడి పడుతున్నదేమో వారానికి ఒకసారైనా వెంట్రుకలు పాయదీసి చూడాలి.

లీషు ఐదారు అడుగుల పొడవున్న నైలాన్‌దో నూలుదో అయితే చాలు. మంచాలకు అల్లే మందపాటి నవారు పట్టీకి చెప్పులు కుట్టేవారి దగ్గర ఒక కొక్కెం గట్టిగా కుట్టించుకున్నా పనికివస్తుంది. ఇనుప గొలుసును మాత్రం పక్కన పెట్టాలి. అది చేతిని ఒరుస్తుందన్నది చిన్న విషయం. గొలుసు బరువు ఎప్పుడూ కుక్కను కిందికి లాగుతూనే ఉంటుంది కాబట్టి, బిగిసిన స్థితికీ వదులుగా ఉన్న స్థితికీ తేడా దానికి స్పష్టంగా తెలియదు, మనం నేర్పదలచింది ఆ తేడానే. పొడవు దానంతటదే పెరుగుతూ తగ్గుతూ ఉండే లీషుతోనూ ఇదే చిక్కు: దాని స్ప్రింగు ఎప్పుడూ కొంచెం బిగువుగా ఉంటుంది, కుక్క లాగితేనే తాడు సాగుతుంది. మెడను బిగించే గొలుసులు, లోపలి వైపు ముళ్లున్న పట్టాలు ఏ కుక్కకూ వద్దు. నొప్పి కలిగిన క్షణంలో కుక్క తన ఎదుట ఏముందో దానికే ఆ నొప్పిని అంటగడుతుంది. ఎదుట ఉన్నది సైకిలు మీద వెళ్తున్న పిల్లవాడైతే, సైకిళ్లను చూసి మొరిగే కుక్క తయారవుతుంది.

లీషును మణికట్టుకు చుట్టుకోకూడదు, ఎందుకంటే పెద్ద కుక్క ఒక్కసారిగా ఉరికితే చేయి విరిగే ప్రమాదం ఉంది. చివరనున్న వలయంలోకి బొటనవేలు దూర్చి పిడికిలి మూయాలి, రెండో చేత్తో మధ్యలో తేలికగా పట్టుకోవాలి. స్కూటరుకు కట్టి పరుగెత్తించడం కొన్ని కాలనీల్లో కనిపిస్తున్నది. అది కుక్కకు వ్యాయామం కాదు, అలసిపోయినా ఆగలేని శిక్ష. చక్రం కింద పడే అవకాశమూ ఎక్కువే.

ఇక తిండి. బఠాణీ గింజంత ముక్కలు, మెత్తనివి, రెండు క్షణాల్లో మింగేసేవి కావాలి. ఉప్పు, కారం, మసాలా లేకుండా ఉడికించిన కోడిమాంసం, కార్జం, గుడ్డు, పనీరు బాగా పనికివస్తాయి. మాంసం ముట్టని ఇళ్లలో ఉడికించిన శనగలు, చిలగడదుంప వాడవచ్చు. ఇంట్లో అభ్యాసానికి జొన్నరొట్టె తునకలు కూడా సరిపోతాయి గానీ, వీధిలో మరో కుక్క కనిపించిన వేళ రొట్టెముక్కను ఏ కుక్కా లెక్కచేయదు. రుచిగల వాటిని వీధి కోసం దాచి ఉంచడం తెలివైన పని. ఉల్లిపాయ, వెల్లుల్లి, చాక్లెట్, ద్రాక్ష, కిస్మిస్ కుక్కలకు విషం. శిక్షణలో పెట్టిన తిండి మేరకు పూట భోజనం తగ్గించాలి, లేకపోతే నెల తిరగకముందే కుక్క లావెక్కుతుంది.

వాకిట్లో తొలి పాఠాలు

కుక్కపిల్ల అయితే హార్నెస్ తొడగడమే ఒక పాఠం. మొదట దాన్ని నేల మీద పెట్టి వాసన చూడనిచ్చి, తరువాత తల దూర్చినప్పుడల్లా ఒక ముక్క పెట్టి, ఆపై కొద్ది నిమిషాలు తొడిగి భోజనం పెట్టి, క్రమంగా ఆ సమయాన్ని పెంచాలి. బలవంతంగా తొడిగితే హార్నెస్ చూడగానే మంచం కిందికి దూరే అలవాటు పడుతుంది. టీకాల విషయం కూడా ఇక్కడే చెప్పాలి: కలిపి ఇచ్చే టీకాలు ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదలై, మూడు నాలుగు వారాల ఎడంతో సుమారు పదహారో వారం దాకా సాగుతాయి, రేబిస్ టీకా మూడు నెలలకు వేస్తారు. అవి పూర్తయ్యే దాకా వీధికుక్కలు తిరిగే నేల మీద పిల్లను దింపితే పార్వో అనే ప్రాణాంతక వైరస్ వ్యాధి సోకే ప్రమాదం ఉంది. అలాగని ఆ నెలలు వృథా చేయకూడదు, ఎందుకంటే లోకాన్ని చూసి భయపడాలా వద్దా అని కుక్క నేర్చుకునేది ఆ వయసులోనే. అరుగు మీద ఒడిలో కూర్చోబెట్టుకుని ఆటోలు, బర్రెలు, బడి పిల్లలు, గంట కొట్టుకుంటూ వెళ్లే ఐస్‌క్రీమ్ బండి, అన్నీ చూపిస్తూ ఒక్కొక్క ముక్క పెడుతూ ఉండాలి.

అన్ని వయసుల కుక్కలకూ నేర్పవలసిన తొలి విషయం ఒక గుర్తుమాట. చిన్నదిగా, ఎప్పుడూ ఒకే స్వరంలో పలకగలిగేదిగా ఉండాలి. ‘భేష్’ అన్న మాట చక్కగా సరిపోతుంది. ‘భేష్’ అనాలి, వెంటనే ముక్క పెట్టాలి. నిశ్శబ్దంగా ఉన్న గదిలో పది పదిహేను సార్లు ఇలా చేస్తే, ఆ మాట వినగానే కుక్క మన చేతి వైపు చూస్తుంది. ఆ తరువాత ఈ మాట కుక్క చేసిన సరైన పనిని అదే క్షణంలో గుర్తించి చెప్పే సాధనం అవుతుంది. సంచిలోంచి ముక్క తీయడానికి రెండు క్షణాలు పడుతుంది, ఆలోపు కుక్క మరేదో చేసి ఉంటుంది. మాట అయితే ఆలస్యం కాదు. అందుకని మాట ముందు, చేయి కదలడం తరువాత. ఈ క్రమం తప్పితే కుక్క మన చేతిని కనిపెడుతుంది తప్ప తాను చేస్తున్న పనిని గమనించదు.

ఇప్పుడు లీషు లేకుండానే వాకిట్లో నడవాలి. కుక్క తనంతట తాను మన ఎడమ కాలి పక్కకు వచ్చిన ప్రతిసారీ ‘భేష్’ అని, ముక్కను ప్యాంటు కుట్టు దగ్గర, కుక్క నోటి ఎత్తులో అందించాలి. తిండి ఎక్కడ దొరికితే కుక్క అక్కడ నిలబడుతుంది. మన ముందు చేయి చాచి పెడితే ముందుకు వచ్చి కాళ్లకు అడ్డం తిరుగుతుంది, పక్కన పెడితే పక్కనే ఉంటుంది. ఎడమ వైపే ఉండాలన్న నియమం ఏదీ లేదు, ఒక వైపు ఎంచుకుని దాన్నే పాటిస్తే చాలు. దిశ మారుస్తూ, వంకరటింకరగా, కొన్నిసార్లు వేగంగా కొన్నిసార్లు నెమ్మదిగా నడిస్తే కుక్క మనల్ని గమనించడం నేర్చుకుంటుంది. ఐదు నిమిషాలు చాలు. రోజుకు ఒకే గంటసేపటి అభ్యాసం కన్నా మూడు నాలుగు చిన్న అభ్యాసాలు ఎక్కువ నేర్పుతాయి.

ఇది కుదిరిన తరువాతే లీషు తగిలించాలి. మొదట ఒక్క అడుగుకు ఒక ముక్క. ఇంత తరచుగా పెట్టడం చాలామందికి అతిగా అనిపిస్తుంది, కానీ ఇక్కడ చేయి బిగబట్టడమే శిక్షణ చెడడానికి ప్రధాన కారణం. ఒక అడుగు సాఫీగా పడితే రెండడుగులకు, ఆపై నాలుగైదు అడుగులకు, తరువాత ఒకసారి మూడుకు, ఒకసారి పదికి, మళ్లీ రెండుకు అన్నట్లు లెక్క తెలియకుండా పెట్టుకుంటూ పోవాలి. ఎప్పుడు దొరుకుతుందో తెలియని ముక్క కోసం కుక్క పక్కనే ఉండి చూస్తూ నడుస్తుంది.

లీషు బిగిసినప్పుడు

బిగిసిన క్షణమే ఆగాలి. వెనక్కి లాగకూడదు, మాట్లాడకూడదు, తిట్టకూడదు. రెండు పాదాలూ నేలకు ఆనించి, లీషు పట్టిన చేతిని పొట్టకు ఆనించి కదలకుండా నిలబడాలి. కుక్క కొంతసేపు ముందుకు తన్నుతుంది, మొరుగుతుంది, తరువాత ఏమైందోనని వెనక్కి చూస్తుంది, లేదా ఒక్క అడుగు వెనక్కి వేస్తుంది, లేదా ఊరికే ఒళ్లు సడలిస్తుంది. లీషు వదులైన ఆ క్షణంలో ‘భేష్’ అని మళ్లీ నడక సాగించాలి. మొదటి వారంలో ఇంటి నుంచి పక్కింటి దాకా వెళ్లడానికి పావుగంట పట్టినా ఆశ్చర్యపోనక్కరలేదు.

ఇక్కడ ఒక సూక్ష్మం ఉంది, దీన్ని పట్టించుకోక ఎంతోమంది నెలల తరబడి తంటాలు పడతారు. లీషు బిగిసి, మనం ఆగి, కుక్క వెనక్కి రాగానే తిండి పెడితే, కుక్క ఈ మొత్తాన్ని ఒకే పాఠంగా నేర్చుకుంటుంది: ముందు లాగాలి, తరువాత తిరిగి రావాలి, అప్పుడు ముక్క దొరుకుతుంది. అది పద్ధతిగా లాగి పద్ధతిగా వెనక్కి వస్తూనే ఉంటుంది. అందువల్ల తిరిగి వచ్చినందుకు మాట, నడక మాత్రమే బహుమతి కావాలి. ముక్క మాత్రం ఆ తరువాత వదులు లీషుతో మూడు నాలుగు అడుగులు నడిచాకే పెట్టాలి. అంతకన్నా ముఖ్యంగా, లాగకుండా నడుస్తున్నప్పుడు పెట్టే ముక్కలు లాగి తిరిగివచ్చినప్పుడు దొరికే వాటి కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ ఉండాలి.

ఆగడం వల్ల చిరాకుపడి మరింత రెచ్చిపోయే కుక్కలు కొన్ని ఉంటాయి. వాటికి తిరుగుడు పద్ధతి మేలు. కుక్క ముందుకు పోతూ ఇంకో అడుగు వేస్తే లీషు బిగుస్తుందనగా ‘ఇటు’ అని పలికి మనం వెనక్కి తిరిగి నడవాలి, అది పక్కకు చేరగానే మెచ్చుకోవాలి. లీషు బిగిశాక తిరిగితే అది కుదుపు అవుతుంది. బిగియక ముందే తిరగాలి, మాట ముందుగా వినిపించాలి. ఏ పద్ధతి ఎంచుకున్నా, మొదటి కొన్ని రోజుల్లో కుక్క మునుపటి కన్నా గట్టిగా లాగే దశ ఒకటి వస్తుంది. ఇన్నాళ్లూ పనిచేసిన ఉపాయం పనిచేయకపోయేసరికి దాన్నే మరింత బలంగా ప్రయోగించి చూస్తుందన్నమాట. చాలామంది విసిగి వదిలేసేది అప్పుడే. ఆ దశలో ఒక్కసారి లొంగి దాని వెంట నడిచినా, ఇంకా గట్టిగా లాగితే దారి దొరుకుతుందని అది నేర్చుకుంటుంది.

ఇంట్లో అందరూ ఒకే నియమం పాటించకపోతే ఈ శ్రమ నిలవదు. పొద్దున నాన్న ఆగి నడిపించి, సాయంత్రం కొడుకు ఫోను మాట్లాడుతూ కుక్క లాగిన వైపల్లా వెళ్తే, కుక్క లాగడం మానదు. సమయం లేని రోజున ఏం చేయాలన్న ప్రశ్న వస్తుంది. అలాంటప్పుడు లీషును ముందు కొక్కేనికి కాక వీపు మీది కొక్కేనికి తగిలించి, ఇది అభ్యాసం కాదన్న తేడా చూపించాలి. కుక్కలు ఈ తేడాను తొందరగానే పసిగడతాయి. పెద్ద కుక్క లీషును పిల్లల చేతికి ఒంటరిగా ఇవ్వకూడదు.

గేటు దాటడం

నడక ఎలా సాగుతుందన్నది చాలావరకు గేటు దగ్గరే తేలిపోతుంది. లీషు తీయగానే గంతులు వేసే కుక్కను అదే ఊపులో బయటికి తీసుకువెళ్తే మొదటి వంద గజాలు ఈడ్చుకుపోతుంది. లీషు చేతిలోకి తీసుకోవాలి, గంతులు వేస్తే మేకుకు తగిలించి కూర్చోవాలి. నాలుగు కాళ్లూ నేల మీద ఉన్నప్పుడే మళ్లీ తీయాలి. గేటు దగ్గర ‘కూర్చో’ అని చెప్పి గడియ తీయాలి, లేస్తే గడియ వేయాలి, కూర్చుంటే గేటు జానెడు తెరవాలి. ఇలా గేటు పూర్తిగా తెరుచుకునే దాకా కూర్చోగలిగిన కుక్కకు ‘పద’ అన్న మాటే పెద్ద బహుమతి.

వీధిలో

వీధిలోకి వెళ్లాక కుక్క ముక్కుతోనే చూస్తుంది. మనం చూసేది దారిని, అది చదివేది నేలను. వాసన చూడనివ్వకుండా గంటసేపు నడిపించడం కన్నా, పది నిమిషాలు నింపాదిగా వాసన చూడనిచ్చిన నడక దాన్ని ఎక్కువ తృప్తిపరుస్తుంది. అందుకని వాసననే జీతంగా వాడుకోవాలి: ఇరవై అడుగులు వదులు లీషుతో నడిస్తే ‘పో, చూడు’ అని చెప్పి పొద దగ్గరకు మనమే తీసుకువెళ్లాలి, తనివితీరా చూశాక మళ్లీ ‘పద’ అనాలి. లాగి చేరాలనుకున్న చోటుకే, లాగకుండా ఉంటే చేరనివ్వడం ఇందులోని కిటుకు. అయితే వర్షాకాలంలో తడి కరెంటు స్తంభాలకు, వాటిని పడిపోకుండా నేలకు బిగించే స్టే వైర్లకు దూరంగా ఉంచాలి, ఎందుకంటే విద్యుత్తు నేలకు పారే చోట తడికాళ్లతో నిలిచిన జంతువు ప్రాణానికే ముప్పు.

అభ్యాసానికి చోటు ఎంచుకోవడంలో తొందరపడకూడదు. మొదట మన గల్లీలో రెండిళ్ల దూరం, తరువాత గల్లీ చివర, ఆ తరువాతే బజారు. పట్టణాల చివర ప్లాట్లు చేసి వదిలిన వెంచర్లు ఇందుకు చాలా అనువైనవి: లోపల రోడ్లు ఉంటాయి, బండ్లు ఉండవు, ఎవరు వస్తున్నా దూరం నుంచే కనిపిస్తారు. నల్లగొండలో పానగల్ ఉదయసముద్రం కట్ట వంటి చోట్లు నడకకు ఆహ్లాదంగా ఉంటాయి గానీ, కట్ట మీద ఎదురు వచ్చినవారి నుంచి పక్కకు తప్పుకునే వీలు తక్కువ కనుక, ఇతర కుక్కలను చూసి రెచ్చిపోయే కుక్కను అక్కడికి అలవాటు కుదిరాకే తీసుకువెళ్లాలి. పార్కుల్లోకి కుక్కలను రానిస్తారో లేదో గేటు దగ్గర అడిగి తెలుసుకోవాలి. ఎక్కడైనా మలం ఎత్తడానికి పాత పేపరో కవరో వెంట ఉండాలి.

మన వీధుల్లో అసలు పరీక్ష వీధికుక్కలది. 2023 నాటి జంతు జనన నియంత్రణ నిబంధనల ప్రకారం వాటికి సంతాన నిరోధక శస్త్రచికిత్స, రేబిస్ టీకా చేసి, సాధారణంగా పట్టుకున్న చోటే తిరిగి వదులుతారు. అంటే అవి ఆ గల్లీలోనే ఉంటాయి, మన దారిని వాటిని లెక్కలోకి తీసుకునే నిర్ణయించుకోవాలి. ఏ మలుపు దగ్గర ఏ గుంపు ఉంటుందో కుక్క లేకుండా ఒకసారి నడిచి చూసుకోవడం మంచిది. మన కుక్క మరో కుక్కను చూసినా ఇంకా ముక్క తినగలుగుతున్నదంటే ఆ దూరం సరైనది. ఆ దూరంలో నిలబడి, అది అటు చూసినప్పుడల్లా ‘భేష్’ అని పెడుతూ పోతే, కొన్నాళ్లకు అది మరో కుక్కను చూసి మన వైపు తిరుగుతుంది. నోటి దగ్గర పెట్టిన కోడిమాంసాన్ని కూడా పట్టించుకోకపోతే మనం మరీ దగ్గరగా ఉన్నామని అర్థం. అక్కడ నేర్పడానికి ప్రయత్నించకుండా వెనక్కి నడవాలి. గొర్రెల మందలు, బర్రెలు ఎదురైనప్పుడు కూడా ఇంతే: మంద దాటిపోయేదాకా రోడ్డు దిగి దూరంగా నిలబడాలి. కాపరి వెంట కుక్క ఉంటే ఆ దూరం ఇంకా పెంచాలి, మంద జోలికి ఎవరూ రాకుండా చూడటం దాని పని.

వీధికుక్కలు మీదికి వస్తే పరుగెత్తకూడదు, మన కుక్కను చేతుల్లోకి ఎత్తుకుని గాలిలో ఆడించకూడదు, లీషును బిగబట్టకూడదు. బిగిసిన లీషు మన కుక్క ఒంటిని ముందుకు నిలబెట్టి, ఎదుటి కుక్కలకు సవాలుగా కనిపింపజేస్తుంది. గుప్పెడు ముక్కలు వాటి వెనక్కి విసిరి, అవి తలలు దించగానే పక్కకు వంపు తిరిగి నిదానంగా తప్పుకోవాలి. ఎవరికైనా కాటు పడితే గాయాన్ని సబ్బుతో, ధారగా పారే నీటితో పదిహేను నిమిషాలు కడిగి, మనిషిని వెంటనే ఆసుపత్రికి, కుక్కను పశువైద్యుని దగ్గరకు తీసుకువెళ్లాలి. గాయం చిన్నదని ఆలస్యం చేయడం రేబిస్ విషయంలో తగదు.

పీర్ల పండుగ డప్పులు, గణేశ్ నిమజ్జనం, బతుకమ్మ రోజుల్లో డీజేలు, దీపావళి టపాకాయలు సాగుతున్న సమయంలో ఏ అభ్యాసమూ వద్దు. భయంతో ఇంటి వైపు లాగుతున్న కుక్క నియమం తప్పినట్లు కాదు. దాన్ని ఆపి నిలబెట్టకుండా ఇంటికి తీసుకువెళ్లాలి.

ఎండ, ముళ్లు

వేసవిలో ఈ జిల్లాల్లో ఉష్ణోగ్రత 45 డిగ్రీలు తాకుతుంది, తారురోడ్డు, సిమెంటు రోడ్డు గాలి కన్నా ఇంకా ఎక్కువ వేడెక్కుతాయి. అరచేతి వెనుకభాగాన్ని రోడ్డుకు ఆనించి ఏడు క్షణాలు ఉంచలేకపోతే ఆ రోడ్డు మీద కుక్కను నడిపించకూడదు. మార్చి నుంచి జూన్ దాకా తెల్లవారకముందు ఒక నడక, రాత్రి రోడ్డు చల్లబడ్డాక మరొకటి సరిపోతాయి. పొద్దు కుంకినా రోడ్డు వెంటనే చల్లారదు. కుక్క ఒంటి వేడిని ప్రధానంగా రొప్పడం ద్వారానే తగ్గించుకుంటుంది. చిక్కటి చొంగ, ఎర్రబడిన చిగుళ్లు, తూలుతున్న నడక కనిపిస్తే వడదెబ్బే. నీడకు చేర్చి, ఒంటిని చల్లటి నీటితో తడిపి, గాలి తగిలేలా చేసి, ఆలస్యం లేకుండా పశువైద్యుని దగ్గరకు తీసుకువెళ్లాలి.

చెలకల గట్లు, ఖాళీ ప్లాట్లలో పల్లేరు కాయలు, సర్కారు తుమ్మ ముళ్లు ఎక్కువ. అప్పటిదాకా చక్కగా నడిచిన కుక్క ఉన్నట్టుండి ఆగినా, వెనక్కి లాగినా ముందుగా పాదాలు చూడాలి. ఇంటికి వచ్చాక వేళ్ల సందులు, చెవులు, మెడ కింద గోమార్ల కోసం వెతకడం నడకలో భాగంగానే పెట్టుకోవాలి, ఎందుకంటే వాటి ద్వారా వచ్చే జ్వరాలు కుక్క ప్రాణం తీయగలవు. ఏ ముల్లూ కనిపించకపోయినా నడకకు వెనకాడటం, కుంటడం, మెడ తిప్పలేకపోవడం కొనసాగితే శిక్షణ ఆపి వైద్యుడికి చూపించాలి. నొప్పితో ఉన్న కుక్కకు ఏ పాఠమూ ఎక్కదు.

ఎంతకాలం పడుతుంది?

నాలుగు నెలల పిల్ల కొన్ని వారాల్లోనే నియమాన్ని పట్టుకుంటుంది. ఆరు నెలలు దాటి యవ్వనంలోకి వచ్చాక మాత్రం నేర్చినదంతా మరచినట్లు ప్రవర్తిస్తుంది. ఏడాదిన్నర వయసు దాకా ఇది అప్పుడప్పుడూ తలెత్తుతూనే ఉంటుంది. అప్పుడు మళ్లీ వాకిట్లోకి వెళ్లి అడుగుకొక ముక్కతో మొదలుపెట్టాలి, ఈసారి ముందుకన్నా తొందరగా దారికి వస్తుంది. ఏళ్ల తరబడి గొలుసుకు కట్టి ఉన్న పెద్ద కుక్కకు నెలలు పట్టవచ్చు, అయినా అది నేర్చుకోగలదు. దాని విషయంలో మొదటి లక్ష్యం గేటు నుంచి పక్కింటి గోడ దాకా ఒక్కసారైనా లీషు బిగియకుండా చేరడం. అది వరుసగా కొన్ని రోజులు కుదిరాక తరువాతి ఇంటి దాకా పెంచాలి.

తిండిని తగ్గించే పని చివరన, నెమ్మదిగా చేయాలి. తెలిసిన గల్లీలో కుక్క వదులు లీషుతో నడవడం మామూలైపోయాక అక్కడ ముక్కలు అరుదుగా, వాసన చూసే అనుమతులు ఎక్కువగా ఇవ్వాలి. కొత్త వీధికి, సంత జరిగే రోజుకు, చుట్టాల ఊరికి వెళ్లినప్పుడు మళ్లీ జేబు నిండా తీసుకువెళ్లాలి.